మా పిల్లలకు అబద్ధ సాక్ష్యం నేర్పకండి, మా రోగుల మందులు ఆపించకండి: తెలుగు సంఘాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన బిషప్పులకు, పాస్టరు గార్లకు, బైబిల్ కాలేజీల అధ్యాపకులకు, ఉజ్జీవ సభల ప్రసంగీకులకు, సండే స్కూల్ పాఠాలు తయారుచేసే పెద్దలకు,

ప్రభువు పేరట వందనాలు.

నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఆదివారాలు మా మందిరంలో సండే స్కూల్ చూసుకుంటాను. ఈ రెండు పనులకీ మధ్య నాకు గొడవ లేదు. గొడవల్లా పుల్పిట్ మీద నుంచే వస్తోంది. భూమి వయసు ఆరు వేల ఏళ్లేనని, డార్విన్ పాఠం సాతాను పాఠమని, మందు బిళ్ల మింగేవాడికి విశ్వాసం తక్కువని చెబుతున్న ప్రసంగాల గురించి మా సంఘ కమిటీకి కాగితం రాసిచ్చాను. "అవి మీ స్కూలు సంగతులు కదమ్మా, ఇక్కడెందుకు" అన్నారు. పైవారికి రాసిన ఉత్తరానికి జవాబే రాలేదు. అందుకని ఇప్పుడు నలుగురిలో పెడుతున్నాను. ఏ ఒక్క అయ్యగారి మీదా ఇది ఫిర్యాదు కాదు. నేను చెప్పేవన్నీ మన జిల్లాల్లో చాలా మందిరాల్లో, చాలా యూట్యూబ్ ప్రసంగాల్లో వినబడేవే.

నా విశ్వాసం మీద అనుమానం వద్దు. భూమ్యాకాశాలను సృజించిన దేవుణ్ణి నమ్ముతున్నానని ప్రతి ఆదివారం మీతోపాటు నిలబడి చెప్పేదాన్నే. పునరుత్థానాన్నీ నమ్ముతాను. మామూలుగా ఏం జరుగుతుందో సైన్సు చెబుతుంది. ఆ ఆదివారం తెల్లవారుజామున జరిగింది మామూలు సంగతని మనం ఎన్నడూ అనలేదు కదా.

ఇక నష్టం ఎవరికి జరుగుతోందో చెబుతాను.

1. చదువుకునే పిల్లలకు.

మన సంఘాల్లో చాలా ఇళ్లలో కాలేజీ గడప తొక్కుతున్నది ఈ తరమే. అమ్మానాన్నలు కూలికెళ్తూ, ఆటో నడుపుతూ పిల్లని బైపీసీలో చేర్పిస్తారు. నీట్ పరీక్షలో 720 మార్కులకు 360 జీవశాస్త్రానివే. జన్యుశాస్త్రం, పరిణామం కలిపి అందులో ఒక యూనిట్. ఆ యూనిట్ చదివే వయసులోనే యవనస్థుల కూడికలో "కోతి నుంచి మనిషి పుడితే ఇంకా కోతులెందుకున్నాయి?" అని ప్రసంగీకుడు అడుగుతాడు. అందరూ నవ్వుతారు. ఆ పిల్ల మాత్రం తలొంచుకుంటుంది.

ఇప్పుడున్న కోతుల నుంచి మనిషి పుట్టాడని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. చాలా వెనకటి కాలంలో ఇద్దరికీ ఒకే పూర్వీకులు ఉన్నారని చెబుతుంది. మా పెదనాన్న పిల్లలు ఉన్నారు కాబట్టి నేను పుట్టి ఉండనని ఎవరైనా అంటే ఎలా ఉంటుందో, ఆ ప్రశ్న అలా ఉంటుంది. చింపాంజీలో 24 జతల క్రోమోజోములు ఉంటాయి, మనలో 23. మన రెండో క్రోమోజోమును పరిశీలిస్తే, రెండు చిన్న క్రోమోజోములు కొసలు అతుక్కున్న గుర్తు దాని మధ్యభాగంలో ఇప్పటికీ కనిపిస్తుంది. దీన్ని సృష్టికర్తకు వ్యతిరేకంగా ఎవరో కట్టిన కథ అని మా పిల్లలకు నేనెలా చెప్పను?

ఇక్కడ ఒక విచిత్రం కూడా ఉంది. 2018లో ఒక కేంద్ర సహాయ మంత్రి, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదని, డార్విన్ తప్పని, ఆ పాఠం తీసేయాలని అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు దాన్ని ఖండించాయి. తరవాత ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అనే అధ్యాయంలోంచి పరిణామం భాగం పోయింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దానికి నిరసనగా సంతకాలు చేశారు. మిగతా ఏ విషయంలోనూ ఆ మంత్రి గారితో కలవని మన ప్రసంగీకులు ఈ ఒక్క విషయంలో ఆయన వాదననే అప్పజెబుతున్నారు. ఫలితం ఏమిటంటే, పదిలో ఆ పాఠం లేకుండా ఇంటర్‌కి వచ్చిన పిల్లలకు దాని గురించి మొదట అందేది పుల్పిట్ వెర్షన్.

ఆ పిల్లల్లో కొందరు నమ్మకుండానే బట్టీపట్టి రాస్తారు. కొందరు హైదరాబాద్, బెంగళూరు వెళ్లాక నెమ్మదిగా మందిరం మానేస్తారు. వీళ్లు దేవుడితో తగువు పడి పోయినవాళ్లు కారు. అడగడానికి మనలో మనిషి దొరక్క పోయినవాళ్లు.

హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌కి పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్తాం. అక్కడ నిలబెట్టిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం మనదే. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి, జురాసిక్ కాలం నాటివి, అంటే పదిహేడు కోట్ల ఏళ్లకు పైబడినవి. దాని కింద నిలబడి "టీచర్, ఇది నోవహు ఓడలో ఎక్కిందా?" అని అడిగే పిల్లాడికి వారం తిరక్కుండా సండే స్కూల్లో ఏం చెప్పాలో మీ పాఠ్యపుస్తకంలో లేదు.

2. సత్యానికి.

ఈ మాట కాస్త కటువుగానే అంటాను. మన పుల్పిట్ల మీద నుంచి రెండు కథలు ఏళ్ల తరబడి చలామణీ అవుతున్నాయి. రెండూ అబద్ధాలే.

మొదటిది, డార్విన్ మరణశయ్య మీద పశ్చాత్తాపపడి బైబిల్ చదువుకుంటూ కన్నుమూశాడని. ఆయన చనిపోయింది 1882 ఏప్రిల్‌లో. ఈ కథ అచ్చయింది 1915లో, అమెరికాలోని ఒక బాప్టిస్టు పత్రికలో. లేడీ హోప్ అనే ఆవిడ చెప్పింది. డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో బహిరంగంగా రాసింది: నాన్న పోయేటప్పుడు పక్కనే ఉన్నది నేను, ఆ జబ్బులోగానీ మరే జబ్బులోగానీ లేడీ హోప్ అక్కడ లేదు అని. దాన్ని తోసేసి, ఆ ఇంటికి సంబంధం లేని మనిషి మాట పట్టుకుని వందేళ్లుగా ఆమేన్ కొట్టిస్తున్నాం. అసలు డార్విన్ మారుమనస్సు పొందినా పొందకపోయినా ఆయన సిద్ధాంతం నిజమా కాదా అన్నది దాంతో తేలేది కాదు.

రెండోది, నాసా కంప్యూటర్లు కాలాన్ని వెనక్కి లెక్కగడితే ఒక రోజు తక్కువ వచ్చిందని, యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిన సమయం, హిజ్కియా కాలంలో పది మెట్లు వెనక్కి వెళ్లిన నీడ కలిపితే లెక్క సరిపోయిందని. అలాంటిదేమీ జరగలేదని నాసా వాళ్లే చెప్పారు. కొంచెం ఆలోచించినా తెలుస్తుంది. ఒక రోజు తగ్గిందని తెలియాలంటే, ఆనాటి తేదీలతో ఎవరో వేరే రాసిపెట్టిన లెక్క మన దగ్గర ఉండాలి. అది లేనప్పుడు వెనక్కి ఎంత లెక్కగట్టినా తక్కువైనది కనబడదు. ఈ కథ వాట్సాప్‌లో వచ్చినప్పుడల్లా ఇంజనీరింగ్ చదివే మన కుర్రాళ్లు సంఘం గ్రూపులో ఏమీ అనలేక వేరే గ్రూపులో నవ్వుకుంటున్నారు. నాకు ఆ రెండో గ్రూపు సంగతి కూడా తెలుసు.

"నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞకు, పొరుగువాడు డార్విన్ అయితే మినహాయింపు ఉందా? నాసా ఉద్యోగి అయితే?

3. జబ్బుతో ఉన్నవాళ్లకు.

పైన చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ప్రార్థనతో దేవుడు స్వస్థపరచగలడని నేను నమ్ముతాను. మీరు రోగి తల మీద చేతులుంచి ప్రార్థించవద్దని అనడం లేదు. మందులు ఆపమని చెప్పేవాళ్ల గురించి, ఆపావా అని అడక్కుండా సాక్ష్యం చెప్పించేవాళ్ల గురించి అంటున్నాను.

టీబీ సంగతి తీసుకోండి. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. మొదలుపెట్టిన కొన్ని వారాలకే జ్వరం తగ్గుతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే రోగి స్వస్థత కూటానికి వస్తాడు, వేదిక ఎక్కి "నేను బాగుపడ్డాను" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే బాగున్నాడు. కానీ క్రిములు ఇంకా ఊపిరితిత్తుల్లో ఉన్నాయి. చప్పట్లు విని ఇంటికెళ్లి మందులు ఆపేస్తాడు. కొన్ని నెలలకు జబ్బు తిరగబెడుతుంది. ఈసారి పాత మందులకు లొంగకపోవచ్చు. అప్పటికి ఇంట్లో పిల్లలకు అంటుకుని ఉండొచ్చు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరికే మందు అది. పైగా పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు కూడా ఇస్తున్నారు. వేదిక మీద ఎవరైనా "కోర్సు పూర్తయ్యిందా తమ్ముడూ?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు.

మూర్ఛ కూడా అంతే. ఫిట్స్ రోజూ రావు. నెలల తరబడి రాకుండా ఉండటం ఆ జబ్బు లక్షణమే. ఆ విరామాన్ని స్వస్థత అనుకుని మాత్ర ఉన్నట్టుండి మానేస్తే, ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చిన్నపిల్లలకు వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే పరిస్థితి చెయ్యి దాటిపోతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లు ఏఆర్‌టీ మందులు మానేయడం గురించి కోస్తా జిల్లాల్లో పనిచేసే నర్సుల్ని అడగండి. మన సంఘాల్లో నర్సులకు కొదవ లేదు కదా. రాత్రంతా వార్డులో సెలైన్లు పెట్టి, పొద్దున్నే మందిరానికి వచ్చి, మందులు అవిశ్వాసమన్న ప్రసంగం వింటూ కూర్చునే ఆ అక్కచెల్లెళ్లకు ఎలా ఉంటుందో ఎప్పుడైనా అడిగారా? కరోనా టీకా ప్రకటన గ్రంథంలో చెప్పిన 666 ముద్ర అన్నప్పుడు వాళ్లలో కొందరు టీకాలు వేస్తూనే ఉన్నారు, మన విశ్వాసుల చేత తిట్లు తింటూనే ఉన్నారు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మహిమగల మందులంటూ ప్రకటనలివ్వడాన్ని నిషేధిస్తూ 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది. ఆ చట్టం జాబితాలో క్యాన్సర్, షుగర్, మూర్ఛ, టీబీ అన్నీ ఉన్నాయి. ఫ్లెక్సీల మీద రోగాల పేర్లు రాసి ప్రార్థన నూనె సీసాలు అమ్మేవాళ్లు ఒకసారి దాన్ని చదువుకుంటే మంచిది.

వాక్యమే కావాలంటే 2 రాజులు 20వ అధ్యాయం తీయండి. నాసా కథ చెప్పేవాళ్లు నీడ వెనక్కి వెళ్లిన పదకొండో వచనం కోసం అక్కడికే వెళ్తారు. దారిలో ఏడో వచనం దాటేస్తారు. హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు. నీ ప్రార్థన విన్నాను, నిన్ను బాగుచేస్తాను అని దేవుడే మాటిచ్చాడు. అంత మాట వచ్చాక కూడా యెషయా ఏం చేశాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. అప్పుడు రాజు బాగుపడ్డాడు. ఆ ముద్దను అవిశ్వాసమని ప్రవక్త అనలేదు. సువార్త రాసిన లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు రాసిన సలహా మీకు తెలిసిందే.

4. బయటివాళ్ల ముందు మన మాటకు.

ఇది చిన్న విషయం, కానీ పదహారు వందల ఏళ్ల కిందటే అగస్టీను హెచ్చరించాడు. ఆకాశం గురించి, భూమి గురించి అవిశ్వాసులకు బాగా తెలిసిన సంగతుల్లో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తెలివితక్కువగా మాట్లాడితే, రేపు పునరుత్థానం గురించి చెప్పినప్పుడు వాళ్లెందుకు నమ్ముతారని ఆయన బాధ.

ఇంతకీ ఈ ఆరు వేల ఏళ్ల పట్టుదల మన పెద్దల నుంచి వచ్చిందా అంటే, కాదు. 1925లో అమెరికాలోని టెనెసీలో పరిణామ సిద్ధాంతం మీద జరిగిన ప్రసిద్ధ కోర్టు కేసులో బైబిల్ పక్షాన నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ కూడా, సృష్టి దినాలు ఇరవై నాలుగు గంటలవే కానక్కర్లేదని బోనులో ఒప్పుకున్నాడు. ఇప్పుడు మనం వింటున్న రకం బోధ ఊపందుకున్నది 1961లో అక్కడ ఒక బైబిల్ పండితుడు, ఒక ఇంజనీరు కలిసి జలప్రళయం మీద పుస్తకం రాశాకే. మన తాతల దగ్గర లేని వాదం అది. అంతకంటే చాలా ముందు కాల్విన్ ఆదికాండం మొదటి అధ్యాయం వివరిస్తూ, శనిగ్రహం చంద్రుడి కంటే పెద్దదని ఖగోళ శాస్త్రజ్ఞులు రుజువు చేశారని ఒప్పుకున్నాడు. మోషే మామూలు మనుషుల కంటికి కనబడినట్టు రాశాడని, ఖగోళశాస్త్రం నేర్చుకోవాలంటే వేరేచోటికి వెళ్లమని అన్నాడు. కతోలిక సహోదరులకైతే వాళ్ల పోపులే చెప్పారు: 1950లో పన్నెండో పయస్ పరిణామం మీద పరిశోధనకు అడ్డు లేదన్నారు, 1996లో రెండో జాన్ పాల్ అది ఉత్త ఊహ స్థాయిని దాటిందన్నారు.

మన సొంత చరిత్ర ఇంకా దగ్గరది. ఒంగోలు క్లౌ దొర మిషనరీ కాకముందు సర్వే పని చేసినవాడు. 1876-78 కరువులో ఉపవాస ప్రార్థనలు పెట్టి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టిన ఆసుపత్రిలో మన ముత్తవ్వలు పురుళ్లు పోసుకున్నారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో టీబీకి, డిచ్‌పల్లిలో కుష్ఠుకు మిషన్ ఆసుపత్రులు నడిచాయి. దోమ కడుపులో మలేరియా క్రిమిని సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న కనిపెట్టిన రొనాల్డ్ రాస్, ఆ సంతోషంలో దేవుణ్ణి తలుచుకుని పద్యం రాసుకున్నాడు. వీళ్లెవరూ ప్రార్థన ఒక గదిలో, మైక్రోస్కోప్ ఇంకో ఊళ్లో పెట్టుకోలేదు.

అలాగని సైన్సు బైబిల్‌ని రుజువు చేసిందని ఎగిరి గంతేయనక్కర్లేదు. విశ్వం ఒక చిన్న బిందువు లాంటి స్థితి నుంచి విస్తరించిందన్న ఆలోచనకు పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు జార్జ్ లెమెత్ర్, బెల్జియం దేశపు కతోలిక ఫాదర్. 1951లో పోపు గారు ఈ సిద్ధాంతం సృష్టిని బలపరుస్తోందన్నట్టు మాట్లాడితే, ఇబ్బంది పడింది ఆ ఫాదరే. సైన్సు లెక్క రేపు మారొచ్చు, విశ్వాసాన్ని దానికి కట్టేయొద్దని ఆయన పట్టు.

కష్టమైన ప్రశ్నలు లేవని నేను అనను. పాపం వల్ల మరణం వచ్చిందని రోమా 5లో పౌలు అంటాడు. మనిషి పుట్టక ముందే కోట్ల ఏళ్లుగా జంతువులు చచ్చిపోతూ ఉన్నాయని శిలాజాలు అంటాయి. పౌలు అక్కడ మనుష్యుల మరణం గురించే మాట్లాడుతున్నాడని కొందరు, దేవునికి దూరమవడమనే మరణం గురించని కొందరు చెబుతారు. ఆదాము ఒక్క మనిషా, మానవజాతికి ప్రతినిధా అన్నదాని మీదా పండితులు ఏకం కాలేదు. నాకు దీనిమీద ఇంకా టెన్షనే. కానీ ఈ ప్రశ్న అడిగిన పిల్లాణ్ణి కసిరి కూర్చోబెట్టడం జవాబు కాదు. చెప్పగలిగినవాళ్లు మీరు, మీ కాలేజీలు. అందుకే మీకు రాస్తున్నాను.

మేము అడుగుతున్నవి ఇవి:

1. స్వస్థత ప్రార్థన జరిగే ప్రతి సభలో, డాక్టరు చెప్పకుండా మందులు ఎవరూ ఆపవద్దని మైకులో చెప్పాలి, ఫ్లెక్సీ మీద రాయాలి. డాక్టరు రిపోర్టు చూడకుండా జబ్బు నయమైందని సాక్ష్యం చెప్పించకూడదు. నూనె, నీళ్ల సీసాల అమ్మకం పూర్తిగా మానాలి. మిగతావాటికి సమయం పడుతుందన్నా ఒప్పుకుంటాం, దీనికి ఒప్పుకోం.

2. డార్విన్ పశ్చాత్తాపం, నాసా తప్పిపోయిన రోజు కథలు ఏ పుల్పిట్ మీద చెప్పారో అదే పుల్పిట్ మీద, అవి నిజం కాదని చెప్పాలి.

3. సండే స్కూల్, వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి) పుస్తకాల్లో భూమి వయసు ఆరు వేల ఏళ్లన్న వాక్యాలు తీసేయాలి. అచ్చుకు ముందు ఆ పాఠాలను సంఘంలోని సైన్సు టీచర్లకు, డాక్టర్లకు చూపించాలి. ఉచితంగా చూసిపెడతాం.

4. బైబిల్ కాలేజీల్లో సైన్సు, విశ్వాసం మీద ఒక పేపరు తప్పనిసరి చేయాలి. చెప్పడానికి యూనివర్సిటీల్లో పనిచేసే మన క్రైస్తవ శాస్త్రవేత్తలనే పిలవండి, చాలామంది ఉన్నారు.

5. నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక, దగ్గరి పీహెచ్‌సీ సిబ్బందిని పిలిచి మందిరంలోనే బీపీ, షుగర్ పరీక్షలు, టీబీ గుర్తింపు పెట్టించాలి. హాలు ఉంది, కుర్చీలున్నాయి, నర్సులున్నారు.

వేసవి వీబీఎస్ పుస్తకాలు సంక్రాంతి దాటగానే అచ్చుకు వెళ్తాయని మీకు తెలుసు. క్రిస్మస్ లోపు మూడో విషయం మీద, వచ్చే స్వస్థత సభకు ముందే మొదటి విషయం మీద మీ జవాబు రాతపూర్వకంగా కావాలి. జవాబు రాకపోతే మా సండే స్కూల్లో ఆ పుస్తకం వాడము, మా పాఠాలు మేమే రాసుకుంటాం. మందులు ఆపించే సభలు మా ఊళ్లో జరిగితే జిల్లా వైద్య అధికారికి తెలియజేస్తాం.

ప్రభువునందు మీ
సండే స్కూల్ టీచరు, జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు
గుంటూరు జిల్లా